ఫ్యాబ్రికేషన్ యార్డుకు పోర్టబుల్ కాటా: యాక్సిల్ ప్యాడ్లు తీసుకోవాలా, క్రేన్ స్కేలు తీసుకోవాలా?

ప్రశ్న: ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్, గాజువాక

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో మాకు ఒక ఫ్యాబ్రికేషన్ యార్డు ఉంది. స్టోరేజి ట్యాంకులు, పైపు స్కిడ్లు, స్ట్రక్చరల్ ఫ్రేములు తయారుచేసి ఎక్కువగా పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు పంపుతాం. ఈమధ్య కంటైనర్లలో పెట్టి పోర్టు ద్వారా బయటి దేశాలకు పంపే ఆర్డర్లు కూడా వస్తున్నాయి. యార్డు స్థలం అద్దెది కాబట్టి గొయ్యి తవ్వి, పునాది వేసి వేబ్రిడ్జి కట్టించే వీలు లేదు.

ప్రస్తుతం ప్రతి లారీనీ బయటి కాటాకు పంపుతున్నాం. ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి వెళ్లి రావడానికే సగం పూట గడిచిపోతోంది. పైగా మొత్తం బరువు ఆర్సీలో ఉన్న పరిమితికి లోపలే ఉన్నా వెనక యాక్సిల్ మీద భారం ఎక్కువైందని దారిలో లారీని ఆపిన సందర్భం ఉంది. ఇంకొక చోట మా కాటా చీటీకీ కొనుగోలుదారు కాటా చీటీకీ నికర బరువులో 140 కిలోల తేడా వచ్చి బిల్లు నిలిచిపోయింది. సుమారు 16 టన్నుల స్థూల బరువున్న రెండు యాక్సిళ్ల లారీ అది.

చక్రాల కింద పెట్టే వేయింగ్ ప్యాడ్ల సెట్టు, హుక్కుకు తగిలించే క్రేన్ స్కేలు, ఒక చోట నుంచి ఇంకొక చోటికి తరలించగల ఇనుప ప్లాట్‌ఫారం కాటా, ఈ మూడింటికీ కొటేషన్లు తీసుకున్నాను. అమ్మేవారు ఎవరికి వారు తమ పరికరం ఒక్కటే అన్ని పనులకూ సరిపోతుందని చెబుతున్నారు. లారీ యాక్సిల్ భారం చూసుకోవడం, ట్యాంకులను క్రేన్‌తో ఎత్తే ముందు బరువు తెలుసుకోవడం, స్క్రాప్ అమ్మేటప్పుడు తూచి బిల్లు వేయడం, ఈ మూడు అవసరాలూ మాకు ఉన్నాయి. ఈ పరికరాలతో పనిచేసిన అనుభవం ఉన్నవారు దేనికి ఏది సరిపోతుందో దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కాటా సర్వీసు మెకానిక్, మింది

నమస్కారమండీ. పోర్టు వైపు, ఇటు స్టీల్ ప్లాంటు వైపు కాటాలకు సర్వీసు చేసే పనిలోనే ఉన్నాను కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను.

ముందుగా మీ 140 కిలోల తేడా సంగతి చూద్దాం, ఎందుకంటే పరికరం ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంది. మామూలుగా 60 టన్నుల వేబ్రిడ్జికి 10 కిలోల విభాగం ఉంటుంది, అంటే అంకె పదేసి కిలోల చొప్పున మారుతుంది. మూడో తరగతి (సాధారణ వ్యాపార తూకాలకు వాడే) కాటాకు 5 టన్నుల నుంచి 20 టన్నుల మధ్య బరువులో, తూనికల శాఖ తనిఖీ చేసి ముద్ర వేసే రోజున ఒక విభాగం, అంటే 10 కిలోలు అటూఇటూ అనుమతిస్తారు. వాడుకలో ఉన్నప్పుడు దానికి రెట్టింపు, అంటే 20 కిలోలు. ఆ లెక్కన రెండు కాటాలూ నిబంధనల ప్రకారం సక్రమంగా ఉన్నా ఒకే లారీని తూచినప్పుడు వాటి మధ్య 40 కిలోల దాకా తేడా ఉండవచ్చు. అంతకు మించి వచ్చిందంటే కాటా కంటే ముందు లారీని చూడాలి. ఖాళీ లారీని తూచిన తర్వాత వంద లీటర్ల డీజిల్ కొట్టిస్తే దాదాపు 83 కిలోలు పెరుగుతుంది, క్లీనర్ ఒకసారి క్యాబిన్‌లో ఉండి ఇంకొకసారి దిగిపోతే అరవై కిలోలు మారుతుంది. ఈ రెండూ కలిస్తే మీ 140 కిలోలు వచ్చేసినట్టే. వర్షాకాలంలో తడిసిన టార్పాలిన్, తొట్టిలో నిలిచిన నీరు కూడా తక్కువ బరువేమీ కాదు. అందువల్ల మీ చీటీ మీద ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది, మనుషులు ఎక్కి ఉన్నారా దిగారా అన్నది రాసే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ప్యాడ్ల విషయం. ప్యాడ్ లోపల ఉండేది కూడా వేబ్రిడ్జిలో ఉండే లోడ్ సెల్ వంటిదే. లోహపు దిమ్మకు అంటించిన సన్నని స్ట్రెయిన్ గేజ్ రేకులు భారం పడినప్పుడు సాగి వాటి విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును ఇండికేటర్ కిలోలుగా చూపిస్తుంది. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు విడివిడిగా కనిపెట్టిన ఈ స్ట్రెయిన్ గేజ్ సూత్రం మీదే నేటికీ ఈ పరిశ్రమంతా నడుస్తోంది. సాధారణ సెల్లుకు పది వోల్టులు ఇస్తే పూర్తి లోడు దగ్గర తిరిగి వచ్చేది ఇరవై మిల్లీవోల్టులు మాత్రమే. అంత చిన్న సంకేతం కాబట్టే కనెక్టరులో చెమ్మ చేరినా, పిన్నుల మీద పచ్చటి తుప్పు పట్టినా అంకె నిలకడగా ఉండదు. మన ఊరి ఉప్పుగాలికి అది తొందరగానే పడుతుంది.

అయితే ప్యాడ్ల సెట్టును వేబ్రిడ్జితో సమానంగా చూడకూడదు. వేబ్రిడ్జిని పునాది మీద మట్టం చూసి బిగించి, అదే స్థితిలో ఉంచి ప్రమాణ బరువులతో సరిచేస్తారు. ప్యాడ్‌ను మాత్రం రోజుకో నేల మీద పరుస్తారు. ప్యాడ్ అడుగు భాగమంతా నేలకు ఆనాలి; కింద ఒక్క కంకర రాయి ఇరుక్కున్నా ప్యాడ్ దాని మీద ఊగుతుంది, చక్రం ప్యాడ్ మధ్యలో ఉన్నప్పుడు ఒక అంకె, అంచుకు జరిగినప్పుడు ఇంకొక అంకె చూపిస్తుంది. అందుకే చీపురు, మట్టపు బద్ద ప్యాడ్ల పెట్టెలోనే ఉండాలని మా కుర్రాళ్లకు చెబుతుంటాను.

దానికంటే పెద్ద చిక్కు ఎత్తులో ఉంటుంది. రెండే ప్యాడ్లు కొని, ఒక్కో యాక్సిల్‌నూ వాటి మీదికి ఎక్కిస్తూ తూస్తే ఆ యాక్సిల్ మిగతావాటికంటే ప్యాడ్ మందమంత పైకి లేస్తుంది. రెండు యాక్సిళ్ల లారీలో దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. వెనక జంట యాక్సిళ్లున్న లారీలో మాత్రం పైకి లేచిన యాక్సిల్ కమాను పట్టీలు ఎక్కువగా నొక్కుకుని పక్క యాక్సిల్ భారాన్ని కూడా తన మీదికి తీసుకుంటాయి. మొదటి యాక్సిల్‌ను తూచినప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, రెండోదాన్ని తూచినప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, రెండూ కూడితే లారీలో లేని బరువు కాగితం మీదికి వస్తుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. చక్రానికొకటి చొప్పున అన్ని చక్రాల కిందా ఒకేసారి ప్యాడ్లు పెట్టడం మొదటిది; మూడు యాక్సిళ్ల లారీకి ఆరు ప్యాడ్లు కావాలి. ప్యాడ్‌తో సమానమైన మందం ఉన్న ఉత్తి పలకలను మిగతా చక్రాల కింద పరచి లారీ మొత్తాన్ని ఒకే ఎత్తులో నిలబెట్టడం రెండోది. కొటేషన్‌లో ఈ ఉత్తి పలకలు ఉన్నాయో లేదో తప్పక చూడండి, ఎందుకంటే ధర తగ్గించడానికి చాలామంది ముందుగా తీసేసేది వాటినే.

తూచేటప్పుడు లారీ పూర్తిగా ఆగాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, బ్రేకు వదిలి ఉండాలి. బ్రేకు పట్టి ఉంటే చక్రాలు నేలను ముందుకో వెనక్కో లాగుతూ ఉంటాయి, ఆ లాగుడు కమాను పట్టీల ద్వారా భారాన్ని ఒక యాక్సిల్ మీది నుంచి ఇంకొక దాని మీదికి నెడుతుంది. బ్రేకు వదిలినప్పుడు లారీ దొర్లకుండా నేల మట్టంగా ఉండాలి, కాబట్టి చివరికి అంతా నేల దగ్గరికే వస్తుంది.

ఇవన్నీ పాటిస్తే నిలబెట్టి తూచినప్పుడు ఒక శాతం లోపు తేడాతో యాక్సిల్ భారం తెలుస్తుంది. మీ లారీ వెనక యాక్సిల్ పరిమితి దాటిందా లేదా చూసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. కానీ 16 టన్నులకు ఒక శాతం అంటే 160 కిలోలు, మీ బిల్లు ఆగిపోయిన తేడా కంటే అదే ఎక్కువ. కాబట్టి బిల్లు తగాదాలకు ప్యాడ్లు పరిష్కారం కావన్నది నా గట్టి అభిప్రాయం.

జవాబు: తూనికలు కొలతల శాఖ నుంచి రిటైరైన ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

పై మిత్రులు సాంకేతిక విషయం చక్కగా చెప్పారు. చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను.

2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. బరువును బట్టి డబ్బు చేతులు మారే ప్రతి చోటా, అంటే మీ స్క్రాప్ అమ్మకంలోనూ టన్నుల లెక్కన బిల్లు వేసే ఫ్యాబ్రికేషన్ పనిలోనూ, వాడే తూనిక పరికరం తప్పనిసరిగా తనిఖీ అయి ముద్ర పడినదై ఉండాలి. ఇందులో రెండు వేర్వేరు దశలున్నాయి, కొనేవారు వాటిని తరచుగా కలిపేసి చూస్తారు. ఆ నమూనాకు చట్టంలోని 22వ సెక్షన్ కింద ప్రభుత్వ ఆమోదం ఉండాలి, అది తయారీదారు లేదా దిగుమతిదారు తెచ్చుకోవలసినది. ఆ తర్వాత మీ చేతికి వచ్చిన పరికరానికి 24వ సెక్షన్ కింద తనిఖీ జరిగి ముద్ర పడాలి, అది మీ బాధ్యత. ఎలక్ట్రానిక్ కాటాలకు ఈ తనిఖీ 12 నెలలకొకసారి జరగాలి. మరమ్మతు కోసం సీలు తెంచితే గడువు మిగిలి ఉన్నా మళ్లీ తనిఖీ చేయించిన తర్వాతే వాడాలి. అమ్మేవారు చూపించే ఫ్యాక్టరీ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఎంత అందంగా ముద్రించి ఉన్నా ఈ ముద్రకు బదులు కాజాలదు.

మీరు తరలించగల ఇనుప ప్లాట్‌ఫారం కాటా గురించి అడిగారు. అది మంచి పరికరమే, పునాది అవసరం లేకుండా గట్టి కాంక్రీటు మీద అమరుతుంది. అయితే బిగించిన చోటనే తనిఖీ చేసి ముద్ర వేసిన కాటాను విప్పి ఇంకొక చోట బిగిస్తే, గడువు తేదీతో సంబంధం లేకుండా మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలని నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. అద్దె స్థలం మారినప్పుడల్లా ప్రమాణ బరువులు తెప్పించడం, క్రేన్, ఫీజు, రెండు మూడు రోజుల నిరీక్షణ, ఈ ఖర్చంతా మీ లెక్కలో ముందే ఉండాలి.

ఇక యాక్సిల్ భారం. 2018లో కేంద్రం పరిమితులను సవరించి, నాలుగు టైర్లున్న ఒంటి యాక్సిల్‌కు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు, రెండు యాక్సిళ్ల లారీ స్థూల బరువును 16.2 నుంచి 18.5 టన్నులకు పెంచింది. కానీ మీ లారీకి వర్తించేది దాని ఆర్సీలో నమోదైన బరువే. పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తర్వాత, 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 2,000 రూపాయలు జరిమానా. ఎక్కువైన సరుకును దింపిన తర్వాతే బండి కదలాలి. తూకానికి ఆగకుండా వెళ్లిపోతే జరిమానా 40,000.

మొత్తం బరువు సరిపోయినా యాక్సిల్‌ను విడిగా చూడడం అన్యాయమని డ్రైవర్లు అంటుంటారు. రోడ్డుకు తెలిసేది యాక్సిల్ భారమే. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన ప్రసిద్ధమైన రోడ్డు పరీక్షలో యాక్సిల్ భారానికి సుమారు నాలుగో ఘాతంలో రోడ్డు దెబ్బతింటుందని తేలింది. 11.5 టన్నుల చోట 13 టన్నులు మోపితే నష్టం దాదాపు 1.6 రెట్లవుతుంది. షీలానగర్ నుంచి పోర్టు వైపు వెళ్లే రోడ్ల మీద బరువు బళ్లు ఆగి కదిలే చోట్ల ఏర్పడిన గాడులు చూసినవారికి దీనిని వేరే వివరించనవసరం లేదు.

జవాబు: రిగ్గింగ్ సూపర్‌వైజర్, మల్కాపురం

మీ అవసరాలలో అన్నిటికంటే ముఖ్యమైనది ట్యాంకులను ఎత్తే ముందు బరువు తెలుసుకోవడం అని నేను అంటాను, ఎందుకంటే మిగతా రెండింటిలో పోయేది డబ్బు, ఇందులో పోయేది మనిషి. హైడ్రా (చక్రాల మీద తిరిగే చిన్న క్రేన్) మీద ఎత్తే ప్రతి యార్డులోనూ ఒక క్రేన్ స్కేలు ఉండాలని నా కోరిక.

క్రేన్ స్కేలు తీసుకునేటప్పుడు మీ యార్డులో ఎత్తే అతి పెద్ద బరువుకు సరిగ్గా సరిపోయే సామర్థ్యం కాకుండా దానికి ఒకటిన్నర రెట్లు ఉన్నది తీసుకోండి. ఎత్తడం మొదలైన క్షణంలో, దింపేటప్పుడు బ్రేకు పట్టిన క్షణంలో హుక్కు మీద పడే లాగుడు అసలు బరువు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. హుక్కుకూ వస్తువుకూ మధ్య స్కేలు, దాని షాకిళ్లు (కలిపే ఇనుప కడియాలు) చేరడం వల్ల ఎత్తగల ఎత్తు తగ్గుతుంది. రేకుల షెడ్డు కింద పనిచేసేవారు ఈ సంగతి కొనకముందే కొలిచి చూసుకోవాలి. స్కేలు నిలువుగా వేలాడాలి, పక్కకు లాగే భారం దాని మీద పడకూడదు. స్లింగులు, షాకిళ్లు తగిలించి వస్తువు ఎత్తకముందే సున్నా చేసుకోండి, లేకపోతే వాటి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. వస్తువును నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తుకు మాత్రమే లేపి, ఊగడం పూర్తిగా ఆగాక అంకె చదవాలి. ఆ సమయంలో ఎవరూ వస్తువు కింద చేయి పెట్టకూడదు, అంకె కనబడలేదని దగ్గరికి వంగకూడదు. దూరం నుంచి చూసే రిమోట్ డిస్‌ప్లే ఉన్న స్కేలుకు కొంత ఎక్కువ ఖర్చయినా తీసుకోమనేది ఇందుకే.

స్కేలు అంకెను మీ డ్రాయింగ్ లెక్కతో పోల్చి చూడడం మానకండి. చదరపు మీటరు విస్తీర్ణం, పది మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు ప్లేటు 78.5 కిలోలు తూగుతుందని మీకు తెలియనిది కాదు. ఆ లెక్కకూ స్కేలుకూ కొద్ది శాతం తేడా ఉంటే ప్లేటు మందంలో హెచ్చుతగ్గులు, వెల్డింగ్, పెయింట్ అనుకోవచ్చు. అంతకు మించి ఉంటే ఎత్తడం ఆపి కారణం వెతకాలి. హైడ్రో టెస్టు (నీరు నింపి లీకులు చూసే పరీక్ష) చేసిన ట్యాంకులో నీరు మిగిలిపోయి ఉండడం మా పనిలో తరచుగా కనిపించే కారణం. ఒక ఘనపు మీటరు నీరు మిగిలినా టన్ను పెరుగుతుంది, పైగా ఎత్తగానే ఆ నీరు ఒక పక్కకు పరుగెత్తి ట్యాంకును వంచేస్తుంది.

క్రేన్‌కు మించిన బరువులకు జాకీల కింద లోడ్ సెళ్లు పెట్టి తూచే పద్ధతి ఉంది. జాకీ పంపు మీద ఉన్న ప్రెషర్ గేజ్‌తో కూడా అంచనా వేయవచ్చు. పిస్టన్ వైశాల్యం 70 చదరపు సెంటీమీటర్లు ఉన్న జాకీ 100 బార్ చూపిస్తే దాని మీద దాదాపు 7.1 టన్నులు ఉన్నట్టు లెక్క. అయితే సీళ్ల రాపిడి వల్ల పైకి లేపేటప్పుడు గేజ్ ఎక్కువగా, దించేటప్పుడు తక్కువగా చూపిస్తుంది, కాబట్టి రెండూ చూసి సగటు తీసుకోవాలి. దీన్ని అంచనాగానే చూడాలి. లోడ్ సెళ్లతో తూచేటప్పుడు నాలుగు మూలల సెళ్లనూ ఒకేసారి చదవాలి. గట్టి ఫ్రేము ఏదైనా సరే నాలుగు కాళ్ల పీటలాగా ఎదురెదురు మూలల మీదనే ఎక్కువ భారం మోపుతుంది, ఒకే సెల్లును మూల తర్వాత మూలకు మార్చుకుంటూ తూచి కూడితే వచ్చే అంకెకు అర్థం లేదు.

ఇలా తూచడంలో ఇంకొక లాభం గరిమనాభి, అంటే వస్తువు బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు, ఎక్కడ ఉందో తెలియడం. రెండు సాడిళ్ల (ట్యాంకును మోసే ఆధారాల) మధ్య ఆరు మీటర్ల దూరం ఉన్న ట్యాంకు ఎడమ సాడిల్ దగ్గర 7.2 టన్నులు, కుడి సాడిల్ దగ్గర 4.8 టన్నులు చూపించిందనుకోండి. మొత్తం 12 టన్నులు, గరిమనాభి ఎడమ సాడిల్ నుంచి 2.4 మీటర్ల దూరంలో ఉన్నట్టు. స్లింగులు ఎక్కడ వేయాలో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది.

మీ వెనక యాక్సిల్ సమస్యకూ ఇదే లెక్క పనికొస్తుంది. నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) ఉన్న లారీ మీద తొమ్మిది టన్నుల ట్యాంకును కేవలం 30 సెంటీమీటర్లు క్యాబిన్ వైపు జరిపితే వెనక యాక్సిల్ మీది నుంచి దాదాపు 640 కిలోలు ముందు యాక్సిల్ మీదికి వెళ్తుంది. లారీ తొట్టి మీద గరిమనాభి ఎక్కడ పడాలో సుద్దతో గీత గీసి లోడు చేయించండి. మీరు ఇప్పుడు పడుతున్న ఇబ్బందిలో చాలా భాగం ప్యాడ్లు కొనకముందే తీరుతుంది.

జవాబు: షిప్పింగ్ డాక్యుమెంటేషన్, కాన్వెంట్ జంక్షన్

కంటైనర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. 2016 జూలై 1 నుంచి సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ) ఒప్పందం ప్రకారం, సరుకు నింపిన కంటైనరు ధ్రువీకరించిన స్థూల బరువును ఎగుమతిదారు ముందుగా ఇవ్వకపోతే దాన్ని ఓడలోకి ఎక్కించరు. ఆ బరువు తెలుసుకోవడానికి రెండే పద్ధతులను ఒప్పుకుంటారు. నింపి సీలు వేసిన కంటైనరును తూచడం ఒకటి. లోపల పెట్టిన ప్రతి వస్తువునూ, చెక్క దిమ్మలు, బిగింపు తాళ్లతో సహా విడివిడిగా తూచి కూడి, తలుపు మీద రాసి ఉన్న ఖాళీ కంటైనరు బరువును కలపడం రెండోది. రెండింటికీ వాడే కాటా ముద్ర పడినదై ఉండాలి. మీ యార్డులోనే కంటైనరు నింపేవారైతే ముద్ర ఉన్న క్రేన్ స్కేలుతో రెండో పద్ధతి మీకు సులభంగా కుదురుతుంది. దిమ్మల బరువు మరిచిపోయేవారు చాలామంది ఉన్నారు, దయచేసి అది మరవకండి. ఒకే ట్రైలరు మీద రెండు ఇరవై అడుగుల కంటైనర్లు వెళ్తే మొత్తాన్ని తూచి సగం చేయడం చెల్లదు, దేనికది తూచాలి.

ప్రశ్న అడిగినవారు: ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్, గాజువాక

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. లోడు చేసేటప్పుడు గరిమనాభి గీత గీయించడం రేపటి నుంచే మొదలుపెడతాను. ముద్ర వేయించిన క్రేన్ స్కేలు ముందుగా తీసుకోవాలని, స్క్రాప్ అమ్మకాన్ని బయటి కాటా చీటీ మీదే కొనసాగించాలని అనుకుంటున్నాను.

ప్యాడ్ల విషయంలో రెండు సందేహాలు మిగిలాయి. వర్షపు నీరు పోవడానికి మా యార్డు కాంక్రీటుకు గేటు వైపు సుమారు రెండు శాతం వాలు ఉంది, అది ఎంత నష్టం చేస్తుంది? ఒక ఏజెంటు చూపించిన ప్యాడ్లు ఐరోపాలో తయారై అక్కడే కాలిబ్రేట్ అయి వచ్చాయట, ఇక్కడ మళ్లీ ఏమీ చేయనవసరం లేదంటున్నారు. ఇది నమ్మదగిన మాటేనా?

జవాబు: కాటా సర్వీసు మెకానిక్, మింది

వాలు సంగతి లెక్క వేసి చూద్దాం. 20 టన్నుల లారీ గరిమనాభి నేల నుంచి మీటరున్నర ఎత్తులో, వీల్‌బేస్ నాలుగు మీటర్లు ఉందనుకుంటే, రెండు శాతం వాలు మీద ఎగువ యాక్సిల్ నుంచి దిగువ యాక్సిల్‌కు 150 కిలోలు మారుతుంది. నాలుగు చక్రాల కిందా ఒకేసారి ప్యాడ్లు ఉంటే మొత్తం బరువులో దీని ప్రభావం దాదాపు ఉండదు, ఎందుకంటే ఒక చోట తగ్గింది ఇంకొక చోట కనిపిస్తుంది. రెండు ప్యాడ్లతో ఒక్కో యాక్సిల్‌నూ తూచినప్పుడే చిక్కు వస్తుంది. ముందు యాక్సిల్ ప్యాడ్ మీద ఉన్నప్పుడు లారీ నిలబడిన నేల వేరు, వెనక యాక్సిల్ ప్యాడ్ మీదికి వచ్చేసరికి లారీ ఒక వీల్‌బేస్ దూరం ముందుకు జరిగి నిలబడిన నేల వేరు. ఆ రెండు చోట్లా వాలు ఒకేలా ఉండదు కాబట్టి కూడికలో తప్పు వచ్చేస్తుంది. అయినా మీకు కావలసింది యాక్సిల్ భారమే కనుక మొత్తం సరిపోయిందని సంతృప్తి పడలేము. రోడ్డు మీద మట్టమైన చోట అధికారి తూస్తే అంకె మీదానికంటే 150 కిలోలు వేరుగా ఉంటుంది. లారీ నిడివికి సరిపడా ఒక పట్టీని మాత్రం వాలు లేకుండా కాంక్రీటు పోయించి, నీరు పక్కకు పోయే కాలువ తీయించండి. అద్దె స్థలమైనా యజమాని దానికి అభ్యంతరం చెప్పరనుకుంటాను.

రెండో మాట నమ్మకండి. లోడ్ సెల్ కొలిచేది భూమి లాగే బలాన్ని. ఆ బలం భూమధ్యరేఖకు దగ్గరగా వచ్చేకొద్దీ తగ్గుతుంది. జర్మనీ ప్రాంతంలో గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.81 మీటర్లకు దగ్గరగా ఉంటే, సుమారు 17.7 డిగ్రీల అక్షాంశం మీద సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న విశాఖలో అది 9.785 మాత్రమే. తేడా పావు శాతం. అక్కడ సరిచేసిన పరికరాన్ని ఇక్కడ అలాగే వాడితే 20 టన్నుల లారీ దాదాపు 50 కిలోలు తక్కువ చూపిస్తుంది. కొన్ని ఇండికేటర్లలో స్థానిక గురుత్వ విలువను నమోదు చేసే సౌకర్యం ఉంటుంది, లేనివాటిని ఇక్కడే ప్రమాణ బరువులతో సరిచేయాలి. ఏజెంటు ఆ సౌకర్యం ఉందంటే మీ కళ్ల ముందే ఇండికేటరులో తెరిచి చూపించమనండి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. చాలా లోడ్ సెళ్లు 40 డిగ్రీల వరకే కచ్చితత్వానికి హామీ ఇస్తాయి. మే నెల మధ్యాహ్నం తారు మీద పరచిన అల్యూమినియం ప్యాడ్ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పొద్దున్నే తూచండి, లేదా ప్యాడ్లను నీడలో ఉంచి లారీ వచ్చాక పరవండి. ప్రతి తూకానికీ ముందు సున్నా చూసుకోండి. పని అయ్యాక కనెక్టర్లను పొడి గుడ్డతో తుడిచి మూతలు బిగించి, ప్యాడ్లను నేల మీద కాకుండా చెక్క బల్ల మీద నిలువుగా పెట్టండి, ఎలుకలు కేబుళ్లను వదలవు. కొన్న తర్వాత మొదటి నెలలో ఒకే లారీని అదే రోజు ముద్ర ఉన్న వేబ్రిడ్జి మీద, మీ ప్యాడ్ల మీద తూచి, రెండు అంకెలనూ తేదీతో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. తేడా ఎప్పుడూ ఒకే వైపు, ఒకే మోతాదులో ఉంటే అది కాలిబ్రేషన్ లోపం, నేను గాని మరొక మెకానిక్ గాని వచ్చి సరిచేయగలం. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ వస్తుంటే ప్యాడ్ల జోలికి పోకుండా ముందు నేలనూ పరిచే తీరునూ చూడాలి.